సరిహద్దు మూతపడకుండా చూసుకోవడం ఎలా: డన్‌డాక్ డిస్పాచ్ డెస్కు మీద నేర్చుకున్నది

డన్‌డాక్ నుంచి న్యూరీ వెళ్లడానికి కారులో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలవుతుంది. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఎవరూ చెయ్యెత్తి ఆపరు. రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత వస్తుంది. స్పీడు బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారతాయి. ఫోన్ ఇంకో నెట్‌వర్క్ పట్టుకుంటుంది. వెనక ఉన్నది ఐర్లాండ్ రిపబ్లిక్, యూరో చెల్లే చోటు, యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. ముందున్నది ఉత్తర ఐర్లాండ్, పౌండ్లు చెల్లే చోటు, బ్రిటన్‌లో భాగం.

నేను 2011లో డన్‌డాక్ వచ్చాను. మరుసటి ఏడాది ఒక రవాణా కంపెనీలో డిస్పాచ్ డెస్కు మీద చేరాను. ఏ లారీ ఎక్కడికి, ఏ సరుకుతో, ఏ కాగితాలతో వెళ్లాలో చూడడం నా పని. మొదటి ఏడేళ్లు రోజూ లారీలను ఉత్తరానికి పంపాను, నేను మాత్రం ఒక్కసారి కూడా ఆ రోడ్డు మీద వెళ్లలేదు. భారత పాస్‌పోర్టుతో ఐర్లాండ్‌లో నివసించేవాళ్లు అటు వెళ్లాలంటే బ్రిటన్ వీసా ఉండాలి. ఆపేవాళ్లు లేరు కదా అని వెళ్లిపోవచ్చు, కానీ అది చట్టం తప్పడమే. 2019లో ఐరిష్ పౌరసత్వం వచ్చాక, మొదటి ఆదివారమే కారు తీసి న్యూరీ దాకా వెళ్లి, ఒక కాఫీ తాగి తిరిగొచ్చాను. దారి పొడవునా కళ్లు చెమ్మగిల్లాయి. తోటి డ్రైవర్లకు రోజూ ఉన్నదే నాకు ఏడేళ్లు లేదు, అందుకే దాని విలువ నాకు కొంచెం ఎక్కువ తెలుసనుకుంటాను.

అదే ఏడాది, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోతుండడంతో (దీన్నే బ్రెగ్జిట్ అంటారు), ఈ సరిహద్దు మళ్లీ మూతపడుతుందేమోనని ఊరంతా టెన్షన్‌తో ఉంది. చివరికి మూతపడలేదు. ఎలా పడలేదో దగ్గర నుంచి చూశాను. ఎక్కడైనా ప్రభుత్వం మారినా, ఒక ఒప్పందం రద్దవుతున్నా, ఒక కూటమి నుంచి పొరుగు దేశం బయటికి పోతున్నా, సరిహద్దు దగ్గర పని చేసేవాళ్లకు, అక్కడి కౌన్సిలర్లకు, వ్యాపారులకు, దీని మీద చదువుకునే పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి పని: దాటేది ఏమిటో లెక్క రాయండి

2016 జూన్ 23న బ్రెగ్జిట్ ఓటు జరిగింది. ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామన్నారు. బ్రిటన్ మొత్తం లెక్కలో మాత్రం బయటికి పోదామన్నవాళ్లు గెలిచారు. మరుసటి రోజు మా ఆఫీసులో అందరం లారీల గురించే మాట్లాడుకున్నాం. అదే మా మొదటి తప్పు. లారీ కంటికి కనిపిస్తుంది కాబట్టి సరిహద్దు అనగానే అదే గుర్తొస్తుంది. కనిపించకుండా దాటేవి ఎన్నో ఉంటాయి.

ఒక పెద్ద కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. ఎవరు లేదా ఏది దాటుతోంది? ఎందుకు? ఎంత తరచుగా? ఏ చట్టం, ఏ ఒప్పందం వల్ల దాటగలుగుతోంది? మొదటి మూడు గడులు ఒక వారంలో నిండుతాయి. నాలుగోది నింపడానికి నెలలు పడుతుంది. కానీ ఈ పనంతా ఆ నాలుగో గడి కోసమే. రాజకీయం మారినప్పుడు రోడ్డు ఎక్కడికీ పోదు, ఆ గడిలో ఉన్న చట్టం మాత్రం చడీచప్పుడు లేకుండా పోతుంది.

మా పట్టికలో మొదటి వరుస పాలు. ఉత్తరాన పితికే పాలలో దాదాపు మూడో వంతు ట్యాంకర్లలో దక్షిణాన ఉన్న ఫ్యాక్టరీలకు వెళ్తుంది. అక్కడ అవి వెన్న, చీజ్, పాలపొడి అవుతాయి. రెండు వైపులా ఒకే ఆహార నియమాలు ఉన్నంత కాలం ఆ పాలు ఎటువైపు ఆవువని ఎవరూ అడగలేదు. నియమాలు విడిపోతే ట్యాంకర్‌కు సర్టిఫికెట్ కావాలి, పశువైద్యుడి సంతకం కావాలి. ఆవు మాత్రం సంతకం కోసం ఆగదు, పొద్దున్నా సాయంత్రం పాలు ఇస్తూనే ఉంటుంది.

తర్వాతి వరుసలు రాస్తున్నప్పుడు నాకు నిజంగా గుండె ఝల్లుమంది. గుండె ఆపరేషన్ అవసరమైన ఉత్తర ఐర్లాండ్ పిల్లలను డబ్లిన్ పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఐర్లాండ్ రిపబ్లిక్‌లోని డొనెగాల్ జిల్లాలో క్యాన్సర్ వచ్చినవాళ్లు రేడియోథెరపీ కోసం సరిహద్దు దాటి డెర్రీలోని ఆల్ట్‌నగెల్విన్ ఆసుపత్రికి వెళ్తారు. 2016లో తెరిచిన అక్కడి క్యాన్సర్ కేంద్రానికి డబ్లిన్ ప్రభుత్వం కూడా డబ్బు పెట్టింది. కరెంటు సంగతి చూస్తే, 2007 నుంచి ద్వీపం మొత్తానికి ఒకే విద్యుత్ మార్కెట్. క్లోనెస్ నుంచి కావన్ వెళ్లే రోడ్డు పది కిలోమీటర్ల లోపు నాలుగు సార్లు సరిహద్దు దాటుతుంది. పక్క ఊరికి వెళ్లొచ్చే మనిషి ఒక్క పూటలో ఎనిమిది సార్లు దేశం మారతాడన్న మాట. అక్కడ గేట్లు పెడితే ఎన్ని పెట్టాలి?

ప్రభుత్వాలూ ఇదే పని చేశాయి, మాకంటే పెద్ద ఎత్తున. ఉత్తర, దక్షిణాల మధ్య సహకారం నడిచే రంగాలు 142 అని తేల్చారు. దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దులో వాహనాలు దాటే దారులు 208 అని రెండు వైపుల రోడ్ల శాఖలు కలిసి లెక్కపెట్టాయి. యూరోపియన్ యూనియన్ తూర్పు సరిహద్దు పొడవునా ఉన్న దారులకంటే ఇవే ఎక్కువ. ఈ రెండు అంకెలు బల్ల మీద పెట్టాక, కొన్ని చోట్ల చెక్‌పోస్టులు పెట్టి సరిపెడదామనే మాట మాట్లాడడం ఎవరికైనా కష్టమైంది. కాబట్టి వాదన మొదలుపెట్టే ముందే లెక్క చేతిలో ఉండాలి.

నాలుగో గడిలో ఏమీ దొరకని వరుసలు కూడా వస్తాయి. ఏళ్ల తరబడి అలా నడుస్తోంది కాబట్టి నడుస్తోంది, అంతే. బ్రిటిష్, ఐరిష్ పౌరులు ఒకరి దేశంలో ఒకరు స్వేచ్ఛగా తిరిగి, ఉండి, ఉద్యోగం చేసుకునే ‘కామన్ ట్రావెల్ ఏరియా’ 1920లలో మొదలైంది. అది చాలావరకు అలవాటు మీద, అక్కడక్కడా చెదురుమదురుగా ఉన్న చట్టాల మీద నడిచింది. బ్రెగ్జిట్ గోల మధ్యలో, 2019 మే 8న, రెండు ప్రభుత్వాలూ కూర్చుని దాన్ని ఒక అవగాహన పత్రంగా రాసి సంతకాలు పెట్టాయి. మీ పట్టికలో నోటిమాట మీద నడిచే వరుసలన్నీ వెతికి, స్నేహం ఉన్నప్పుడే కాగితం మీదికి ఎక్కించండి. స్నేహం చెడ్డాక ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టరు.

ఆ తర్వాత ‘సరిహద్దు’ అనే మాటను ముక్కలు చేయండి

సరిహద్దు దగ్గర మనుషుల గుర్తింపు చూస్తారు. సరుకు మీద సుంకం వసూలు చేస్తారు. ఆహారం, మందులు, యంత్రాలు నియమాలకు తగ్గట్టు ఉన్నాయా అని చూస్తారు. పశువులకు రోగాలు ఉన్నాయేమో చూస్తారు. దొంగసరుకు పట్టుకుంటారు. ఇవన్నీ ఒకే చోట జరగడం చూసి చూసి మనకు ఇది ఒకే పని అనిపిస్తుంది. విడదీసి చూస్తే, చాలావాటిని ఆ గీత మీదే చేయాల్సిన అవసరం లేదని తెలుస్తుంది.

ఇక్కడ మనుషుల సంగతిని కామన్ ట్రావెల్ ఏరియా చూసుకుంది. పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ ఎందుకు చేరలేదని కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు. కారణం ఇదే. బ్రిటన్ చేరలేదు, ఐర్లాండ్ ఒక్కటే చేరితే న్యూరీ రోడ్డు మీద పాస్‌పోర్టులు చూడాల్సి వచ్చేది. పశువుల విషయంలో బ్రెగ్జిట్‌కు ముందు నుంచే ద్వీపం మొత్తాన్ని ఒకే యూనిట్‌గా చూసేవాళ్లు. స్కాట్లాండ్ నుంచి ఓడలో వచ్చే పశువులను ఉత్తర ఐర్లాండ్‌లోని లార్న్ రేవులోనే పరీక్షించేవాళ్లు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు రెండు వైపుల అధికారులూ కలిసి పనిచేశారు. అంటే ఒక తనిఖీ భూమి మీద నుంచి సముద్రపు ఒడ్డుకు అప్పటికే జరిగి ఉంది, ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలగకుండా.

మిగిలింది సరుకు. అక్కడే పీటముడి పడింది. సుంకాలూ నియమాలూ రెండు వైపులా వేరైతే ఎక్కడో ఒక చోట చూడక తప్పదు. నార్వే, స్వీడన్‌లను చూడండని చాలామంది చెప్పారు. ఆ పద్ధతి నిజంగా మంచిదే. 1959 నుంచి ఒప్పందం ఉంది, ఒక దేశపు కస్టమ్స్ అధికారి ఇద్దరి పనీ చేస్తాడు, లారీ రెండు సార్లు ఆగాల్సిన పని లేదు. అయితే ఆ ఒక్కసారి ఆగాలి. ఆ సరిహద్దు మీది స్వినెసుండ్‌లో కస్టమ్స్ ఆఫీసు ఉంది, బోర్డులు ఉన్నాయి, క్యూ ఉంది. వాళ్లకు అది మామూలు సంగతి. మా రోడ్డు మీద అది మామూలు సంగతి కాదు, ఎందుకో కింద చెబుతాను. పొరుగువాళ్ల పద్ధతి తెచ్చుకునే ముందు వాళ్ల దారులెన్నో, వాళ్ల చరిత్ర ఏమిటో చూసుకోండి.

చివరికి ఇక్కడ కుదిరిన ఏర్పాటు ఇది. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉంటుంది. సరుకుల విషయంలో మాత్రం యూరోపియన్ యూనియన్ నియమాలు చాలావరకు అక్కడ అమలవుతాయి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ నుంచి వచ్చే సరుకును రేవుల్లో చూస్తారు. 2021 జనవరి 1 నుంచి ఇది మొదలైంది. భూమి మీద ఒక్క చెక్‌పోస్టు కూడా పెట్టలేదు. మా పాల ట్యాంకర్లు ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే వెళ్లాయి. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి వాటిని చూస్తూ ఉండిపోయాను.

గీత జరిపితే అది ఇంకొకరి వాకిట్లో పడుతుంది

ఈ భాగం రాయకుండా ఉంటే ఈ గైడ్ అబద్ధమవుతుంది. భూమి మీద నుంచి తీసిన గీత ఐరిష్ సముద్రంలోకి పోయింది. తాము బ్రిటిష్‌వాళ్లమని మనసారా అనుకునే యూనియనిస్టులకు అది సొంత దేశంలో గోడ కట్టినట్టు అనిపించింది. ఆ బాధ నిజమైనదే. 2022 ఫిబ్రవరిలో ఫస్ట్ మినిస్టర్ పాల్ గివన్ రాజీనామా చేశారు. ఉత్తర ఐర్లాండ్‌లో రెండు వర్గాలూ, అంటే యూనియనిస్టులూ ఐర్లాండ్‌తో కలవాలనే నేషనలిస్టులూ, కలిసి ప్రభుత్వం నడపాలని 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందంలో ఉంది, ఒక పక్షం లేచిపోతే ప్రభుత్వం ఉండదు. రెండేళ్ల పాటు ఉత్తర ఐర్లాండ్ శాసనసభ ఉండే స్టార్మంట్‌లో పూర్తి స్థాయి ప్రభుత్వం లేదు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఏర్పడింది. ఆ రెండేళ్లూ లారీలు ఆగలేదు గానీ, స్కూళ్లకూ ఆసుపత్రులకూ పెద్ద నిర్ణయాలు తీసుకునే ప్రభుత్వం లేదు.

మా న్యూరీ డిపోలో ఒక డ్రైవర్ ఉండేవాడు, యూనియనిస్టు కుటుంబం. రోజూ రెండు సార్లు సరిహద్దు దాటేవాడు, దక్షిణాన స్నేహితులు ఉన్నవాడు. ఒక రోజు నాతో, నీ రోడ్డు తెరిచి ఉంచడానికి నా రోడ్డు మూశారు అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ మాటకు జవాబు చెప్పే హక్కు నాకు లేదనిపించింది. తర్వాత మా పట్టికలో అయిదో గడి గీశాను: ఈ ఏర్పాటు వల్ల ఎవరికి ఇబ్బంది? ఆ గడి మొదటి రోజునే ఉండి ఉండాలి.

2023 ఫిబ్రవరిలో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ మధ్య కుదిరిన విండ్సర్ ఏర్పాటు ఆ గడి చూసి చేసిన మరమ్మతు అని నేను అనుకుంటాను. ఉత్తర ఐర్లాండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు గ్రీన్ లేన్, దక్షిణానికి దాటిపోయే అవకాశం ఉన్నదానికి రెడ్ లేన్. గ్రీన్ లేన్‌లో కాగితాలు బాగా తగ్గాయి. ఆహార ప్యాకెట్ల మీద ‘యూరోపియన్ యూనియన్‌లో అమ్మకానికి కాదు’ అనే లేబుల్ వచ్చింది. అందరూ సంతోషించలేదు. కానీ ఇబ్బంది ఉందని ఒప్పుకున్నారు, కొంత తగ్గించారు. మీ దగ్గర కూడా, ఏ ఏర్పాటు చేసినా రెండు మూడేళ్లలో మరమ్మతు చేయాల్సి వస్తుందని ముందే అనుకోండి. మార్చడానికి వీల్లేదని మొండికేస్తే మొత్తానికే కూలిపోతుంది.

రోడ్డు మీద ఒక్క స్తంభం కూడా పాతనివ్వొద్దు

కెమెరాలు పెడదాం, నంబర్ ప్లేటు చదివే యంత్రాలు పెడదాం, మనుషులెవరూ అక్కర్లేదు అనే మాట ఎక్కడైనా వస్తుంది. ఇక్కడా వచ్చింది. వినడానికి బాగుంటుంది. కానీ స్తంభం మీద కెమెరా పెడితే ఎవరో ఒకరు దాన్ని విరగ్గొడతారు. దాన్ని బాగు చేయడానికి వచ్చేవాళ్లకు కాపలా కావాలి. కాపలావాళ్లకు ఒక గది కావాలి. ఆ గదికి గోడ కావాలి. గోడ వచ్చాక దాని మీద రాళ్లు పడతాయి. ఉత్తర ఐర్లాండ్ పోలీసు అధిపతిగా ఉన్న జార్జ్ హామిల్టన్ కూడా సరిహద్దు మీద ఏ కట్టడం పెట్టినా అది దాడులకు గురి అవుతుందని 2018లో హెచ్చరించారు.

ఇది ఊహ కాదు. 1972 ఆగస్టు 22న న్యూరీ కస్టమ్స్ కేంద్రంలో, ఉత్తర ఐర్లాండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ సంస్థ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. అందులో ముగ్గురు బాంబు తెచ్చినవాళ్లు. మిగిలిన ఆరుగురూ కస్టమ్స్ ఉద్యోగులు, లారీ డ్రైవర్లు. కాగితాలు చూసేవాళ్లు, కాగితాలు చూపించేవాళ్లు. నా పనీ మా డ్రైవర్ల పనీ అదే. ఈ సంగతి నాకు మొదట చెప్పింది రిటైరయ్యే ముందు మా యార్డులో పనిచేసిన ఒక పెద్దాయన. ఆ రోజుల్లో తను కుర్రాడు. 1992 ఆఖరున కస్టమ్స్ పోస్టులు ఎత్తేసినప్పుడు, తర్వాత బ్రిటిష్ సైన్యం కాపలా బురుజులు ఒక్కొక్కటీ దించినప్పుడు ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చానని చెప్పాడు. సరిహద్దు మీద కొత్త సామగ్రి పెట్టే ప్రతిపాదన ఏది వచ్చినా, ముందు అక్కడ వయసు మళ్లినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి.

తాత్కాలికంగా మూద్దాం అన్నా ఒప్పుకోకండి. జిబ్రాల్టర్‌కూ స్పెయిన్‌కూ మధ్య గేటును ఫ్రాంకో ప్రభుత్వం 1969లో మూసింది. నడిచి వెళ్లేవాళ్లకు 1982 డిసెంబరులో, అందరికీ 1985 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ మధ్యలో విడిపోయిన కుటుంబాలు కంచెకు అటూ ఇటూ నిలబడి కేకలేసుకుని మాట్లాడుకున్నాయి. ఇక్కడే కావన్, ఫెర్మానా జిల్లాల మధ్య అఘలేన్ వంతెనను 1972లో పేల్చేశారు. కొత్త వంతెన 1999లో వచ్చింది, దానికి శాంతి చర్చలు నడిపిన అమెరికా సెనేటర్ జార్జ్ మిచెల్ పేరు పెట్టారు. ఇరవై ఏడేళ్లు. ఆ వంతెన మీద ఆధారపడిన బెల్టర్బెట్ ఊరి వ్యాపారాలు ఒక తరం పాటు దెబ్బతిన్నాయి.

ప్రకటనకు ముందు ఫోన్ చేయండి

2021 జనవరి 29, శుక్రవారం. కోవిడ్ వ్యాక్సిన్ల ఎగుమతి మీద గొడవలో, యూరోపియన్ కమిషన్ ఉత్తర ఐర్లాండ్ ఒప్పందంలో ఒక పక్షం తనంతట తానే కొన్ని నియమాలను పక్కన పెట్టడానికి వీలిచ్చే 16వ ఆర్టికల్ వాడి వ్యాక్సిన్ల దారికి అడ్డం వేయబోతున్నట్టు ప్రకటించింది. సరిహద్దు తెరిచి ఉంచుతామని నాలుగేళ్లు వాదించినవాళ్లే ఆ పని చేశారు. డబ్లిన్ ప్రభుత్వానికి కూడా ముందుగా చెప్పలేదు. లండన్, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ అన్నీ ఒక్కసారిగా మండిపడ్డాయి. కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ కొన్ని గంటల ఖర్చు ఏళ్ల తరబడి తీరలేదు. వాళ్లు ఒక్క రాత్రిలో వాడబోయింది మేమెందుకు వాడకూడదని బ్రిటన్ వైపువాళ్లు తర్వాత చర్చల్లో అన్నారు.

మీ వంతుగా చేయాల్సింది చిన్న పని. సరిహద్దుకు రెండు వైపులా ఒకే పని చేసేవాళ్ల జంటల జాబితా తయారుచేయండి. ఇటు పశువైద్యుడికి అటు పశువైద్యుడు, ఇటు అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌కు అటుది, ఇటు కౌన్సిల్ ఇంజనీర్‌కు అటు ఇంజనీర్. వాళ్లు నెలకోసారి, విషయం ఏమీ లేకపోయినా, మాట్లాడుకోవాలి. రాజధానుల మధ్య మాటలు ఆగిపోయినప్పుడు ఆ నంబర్లే పనిచేస్తాయి. పెద్ద స్థాయిలో ఇక్కడ ఉత్తర-దక్షిణ మంత్రుల మండలి ఉంది, దాని ఆఫీసు ఆర్మాలో. కానీ స్టార్మంట్ ప్రభుత్వం లేనప్పుడు ఆ మండలి కూడా కూర్చోలేదు. అందుకే కింది స్థాయిలో జంటలు ఉండాలంటున్నాను.

కాగితాల సంగతి, నా డెస్కు నుంచి

బ్రిటన్, యూరోపియన్ యూనియన్ వ్యాపార ఒప్పందం 2020 డిసెంబరు 24న కుదిరింది. అమల్లోకి వచ్చింది జనవరి 1న. మధ్యలో క్రిస్మస్. పన్నెండు వందల పేజీల పైన ఉన్న ఒప్పందాన్ని చదివి, డ్రైవర్లకు చెప్పి, కంప్యూటర్లు మార్చడానికి మాకు ఇచ్చిన సమయం ఒక వారం. మార్పు తేదీ మీద మీ మాట ఏ కొంచెం చెల్లినా, సెలవుల్లో పెట్టనివ్వకండి, సోమవారం కూడా పెట్టనివ్వకండి. నెల మధ్యలో, మంగళవారం గానీ బుధవారం గానీ పెట్టించండి. పాత కాగితాలు కూడా కొన్ని నెలలు చెల్లేలా గడువు అడగండి. ఇక్కడ సూపర్ మార్కెట్ సరుకుకు మొదట మూడు నెలల గడువు ఇచ్చారు, అది సరిపోక బ్రిటన్ తనంతట తానే పొడిగించుకుంది, దాంతో ఇంకో తగవు. మొదటే ఏడాది ఇచ్చి ఉంటే ఆ తగవు ఉండేది కాదు.

ఆ జనవరి రెండో వారంలో మా కంపెనీ ట్రైలర్ ఒకటి ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చి రేవులో నిలిచిపోయింది. అందులో ఇరవై మందికి పైగా కస్టమర్ల సరుకు కలిపి ఉంది. ఒక్కరి చీజ్ పెట్టెలకు ఆరోగ్య సర్టిఫికెట్ లేదు. అవి పది పెట్టెలు కూడా ఉండవు. వాటి కోసం మిగిలిన సరుకంతా రెండు రోజులు ఆగిపోయింది. ఆ కస్టమర్‌ను అడగాల్సిన ప్రశ్న అడగలేదు నేనే. అప్పటి నుంచి కలిపి వేసే సరుకుకు ఒక నియమం పెట్టుకున్నాను. ఆహారం, మొక్కలు, పశువులకు సంబంధించినది ఏదైనా విడి ట్రైలర్‌లో. కాగితాలు ముందు రోజు మధ్యాహ్నానికి నా చేతిలో లేకపోతే ఆ సరుకు ఎక్కదు, ఎంత పెద్ద కస్టమర్ అయినా సరే. మార్పు తేదీకి రెండు నెలల ముందు ఖాళీ లారీతో, ఉత్తుత్తి కాగితాలతో మొత్తం దారి ఒకసారి నడిపి చూడండి. ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడే తెలుస్తుంది.

చిన్నవాటిని కూడా వదలకండి. 2021 మొదటి ఏడు నెలలు ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చే ప్రతి కారుకూ గ్రీన్ కార్డ్ ఉండాలన్నారు. ఇది బీమా ఉందని చెప్పే ఒక పత్రం, అమెరికా గ్రీన్ కార్డుతో సంబంధం లేదు. ఆగస్టు 2న ఆ నిబంధన తీసేశారు. అన్ని నెలలు జనం కూరగాయలు కొనుక్కోవడానికి వచ్చినా ఆ కాగితం వెంట తెచ్చుకున్నారు.

గొడవకు ఒక తేదీ ఇవ్వండి

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. సరుకుల నియమాలు కొనసాగాలా వద్దా అని ఉత్తర ఐర్లాండ్ శాసనసభ ఎప్పటికప్పుడు ఓటు వేస్తుంది. 2024 డిసెంబరు 10న మొదటిసారి వేశారు, 48 మంది కొనసాగాలన్నారు, 36 మంది వద్దన్నారు. రెండు వర్గాల నుంచీ మద్దతు వచ్చి ఉంటే ఎనిమిదేళ్లు కొనసాగేది. యూనియనిస్టులు ఒప్పుకోలేదు కాబట్టి నాలుగేళ్లకే మళ్లీ ఓటు. ఓడినవాళ్లకు కూడా 2028లో మళ్లీ అడగొచ్చని తెలుసు. మా డ్రైవర్ కూడా ఆ రోజు ఓడిపోయిన వైపే, కానీ మరుసటి ఉదయం ఆరింటికి డ్యూటీకి వచ్చాడు. మీ ఏర్పాటులో ఇలాంటి ఓటు లేకపోతే పెట్టించండి. అది లేకపోతే కోపం రోడ్డు మీదికి వస్తుంది.

నా పట్టికలో ఇంకా నిండని వరుస

ప్రతి ఏడాది జనవరిలో ఆ పెద్ద కాగితం మళ్లీ తీసి, ప్రతి వరుసా చదివి, నాలుగో గడి ఇంకా నిజమేనా అని చూస్తాను. మీరూ అలా చేయండి. కొత్తగా దాటుతున్నవి వస్తాయి, పాతవి పోతాయి. 2021 జూలై నుంచి డొనెగాల్‌లో ఉంటూ డెర్రీలో పనిచేసే ఇతర యూరప్ దేశాలవాళ్లకు ఫ్రాంటియర్ వర్కర్ పర్మిట్ అవసరమైంది. ఆ వరుస మా పాత కాగితంలో లేదు.

ఇంకో వరుస మాత్రం మొదటి నుంచీ ఉంది, ఇంకా అలాగే ఉంది. ఎవరు: ఐర్లాండ్‌లో నివసించే, బ్రిటన్ వీసా అవసరమయ్యే దేశాలవాళ్లు. భారతీయులు, పాకిస్తానీలు, నైజీరియన్లు, ఇంకా ఎందరో. ఎందుకు: పిల్లల స్కూల్ టీమ్ న్యూరీలో ఆడుతుంది, స్నేహితురాలు డెర్రీలో ప్రసవించింది, డబ్లిన్ నుంచి డొనెగాల్ వెళ్లే దగ్గరి దారి ఉత్తరం మీదుగా పోతుంది. ఎంత తరచుగా: వారం వారం రావాల్సినవి, రావడం లేదు. ఏ చట్టం వల్ల: ఏదీ లేదు.

గత నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగమ్మాయి ఒకామె, డొనెగాల్ బస్సు ఎక్కొచ్చా అన్నా, అది మధ్యలో అటు నుంచి వెళ్తుందట కదా అని అడిగింది. వద్దమ్మా, స్లైగో మీదుగా వెళ్లు, మూడు గంటలు ఎక్కువైనా ఫర్వాలేదు అని చెప్పాల్సి వచ్చింది. ఐర్లాండ్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్నవాళ్లకు, కనీసం రోజు ప్రయాణానికైనా, వీసా లేకుండా దాటే వీలు ఇవ్వాలని మా స్థానిక ప్రతినిధికి ఉత్తరం రాశాను. ఆమె పేరు రాయకుండా ఆమె అడిగిన ప్రశ్నను అందులో ఉన్నది ఉన్నట్టు పెట్టాను.